మోడల్ విమానానికి కాంపోజిట్ ట్యూబు: బరువు ఎటు పడుతుంది, పోగు ఎటు పోతోంది

కోసిన వరి కయ్యలో మోడల్ విమానం దిగుతూ రెక్క కొస కొయ్యకాలికి తగిలిందనుకోండి. విమానం ఉన్నచోటే గిర్రున తిరిగి ఆగుతుంది. రెక్కకు ఏమీ కాదు. తోకను మోసే బూమ్ మాత్రం పాడ్‌లోకి (ముందున్న పొట్ట భాగంలోకి) దిగే చోట పొడవునా చీలి ఉంటుంది. పోగునూ జిగురునూ కలిపి చేసిన కాంపోజిట్, అందులోనూ కార్బన్ అని అంత డబ్బు పెట్టి కొంటే ఇంత తేలిగ్గా పోయిందేమని బాధ కలుగుతుంది. ఆ ట్యూబు నాసిరకం కాకపోవచ్చు. వంగకుండా నిలబడటానికి చేసిన ట్యూబును మెలిపడే చోట పెట్టడం వల్లే అది చీలింది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మోడల్ విమానాలు కట్టే పిల్లలు, ఇంజనీరింగ్ విద్యార్థులు ట్యూబులు చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో తెప్పించుకోవాల్సిందే. చేత్తో పట్టుకుని చూసి కొనే వీలు తక్కువ. లిస్టులో కనిపించేది రెండు అంకెలు, ఒక నల్లటి ఫొటో. ఆ రెండు అంకెల్లో 10×8 అంటే బయటి వ్యాసం 10 మి.మీ., లోపలి వ్యాసం 8 మి.మీ. ట్యూబు పనికొస్తుందా లేదా అన్నది తేల్చే మూడో సంగతి, అంటే లోపల పోగులు ఏ దిశలో ఉన్నాయన్నది, చాలా లిస్టుల్లో రాయరు. అడిగి తెలుసుకోవాలి, వచ్చాక పరీక్షించుకోవాలి.

ఒకే నలుపు, వేర్వేరు స్వభావాలు

అన్నిటికన్నా చవగ్గా దొరికేది పుల్‌ట్రూడెడ్ ట్యూబు. రెజిన్‌లో (గట్టిపడే జిగురులో) ముంచిన కార్బన్ పోగులను వేడి డై గుండా లాగి చేస్తారు. లాగుడుతో తయారైంది కాబట్టి పోగులన్నీ పొడవునా, ఒకే దిశలో ఉంటాయి. గణుపులు లేని వెదురు ఎలా ఉంటుందో ఇది అలా ఉంటుంది. పొడవు దిశలో దీని బిగువు (సాగకుండా, వంగకుండా నిలిచే గుణం) సుమారు 130 గిగాపాస్కల్. అల్యూమినియం 70 దగ్గరే ఆగిపోతుంది. కానీ మెలితిప్పితే పోగుల మధ్య పట్టి ఉంచేది రెజిన్ ఒక్కటే కాబట్టి అక్కడ మిగిలేది 4–5 గిగాపాస్కల్. పక్కనుంచి నొక్కినా, కొసలో రాడ్డు బలంగా దూర్చినా, స్క్రూ కోసం రంధ్రం పెట్టినా నిలువునా పగులుతుంది.

రోల్ ర్యాప్డ్ ట్యూబులో రెజిన్ పట్టించిన కార్బన్ షీట్లను ఉక్కు కడ్డీ మీద చుట్టి, పైన ష్రింక్ టేపు బిగించి, ఓవెన్‌లో కాలుస్తారు. షీటును ఏ కోణంలో కోసి చుడితే పోగు ఆ కోణంలో ఉంటుంది. పొడవునా ఉన్న 0 డిగ్రీల పొర వంపును ఆపుతుంది, అడ్డంగా చుట్టిన 90 డిగ్రీల పొర చీలకుండా, నలగకుండా కాస్తుంది, ఏటవాలుగా ఉన్న ±45 డిగ్రీల పొర మెలిని ఆపుతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. మార్కెట్‌లో దొరికే రోల్ ర్యాప్డ్ ట్యూబుల్లో చాలావాటిలో 0, 90 పొరలే ఉంటాయి. అలాంటిది చీలదు, నలగదు. కానీ మెలి విషయానికొస్తే పుల్‌ట్రూడెడ్ కన్నా పెద్దగా మెరుగు కాదు. అడ్డపోగూ నిలువుపోగూ కలిసినా, మెలిపడినప్పుడు వచ్చే ఏటవాలు లాగుడును నేరుగా మోసే పోగు ఒక్కటీ ఉండదు. ±45 పొరలో అదే బిగువు ఆరేడు రెట్లు పెరుగుతుంది. కాబట్టి అంగడిలో అడగాల్సిన మాట ‘రోల్ ర్యాప్డేనా’ అని కాదు, ‘±45 పొర ఉందా, ఎన్ని పొరలకు ఎన్ని’ అని.

పైన గళ్లుగళ్లుగా మెరిసే 3కె (ఒక్కో కట్టలో మూడు వేల పోగులున్న) నేత చూసి మురిసిపోవద్దు. అది ఎక్కువగా అందం కోసం వేసే ఒక్క పొర. దాని కింద ఏముందో ఆ నేత చెప్పదు. కొన్ని చవక ట్యూబుల్లో పైన మాత్రమే కార్బన్ నేత ఉండి లోపలంతా గ్లాస్ ఫైబర్ ఉంటుంది.

మూడో రకం ఫిలమెంట్ వౌండ్. తడి పోగును తిరిగే కడ్డీ మీద ఏటవాలుగా చుడుతూ పోతారు. మెలికి, లోపలి ఒత్తిడికి బాగుంటుంది. సరిగ్గా పొడవు దిశలో పోగు పెట్టడం ఈ పద్ధతిలో కష్టం కాబట్టి రెక్క స్పార్‌కు (రెక్క లోపలి వెన్నుకర్రకు) అదే బరువులో పుల్‌ట్రూడెడ్ ముందుంటుంది.

గ్లాస్ ఫైబర్ ట్యూబును చిన్నచూపు చూడకండి. బిగువు కార్బన్‌లో మూడో వంతు, 40 గిగాపాస్కల్ దగ్గర ఉంటుంది, బరువు పావు వంతు ఎక్కువ. అయితే విరిగేలోపు కార్బన్ కన్నా ఎక్కువ సాగుతుంది, రేడియో తరంగాలను అడ్డుకోదు. ల్యాండింగ్ గేర్‌కు, స్కిడ్‌కు, రిసీవర్ చుట్టుపక్కలకు అదే మంచిది. అరామిడ్ (కెవ్లార్ రకం) పోగు నొక్కుడుకు బలహీనం కాబట్టి ఒక్కదానితో ట్యూబు చేయడం దండగ. బూమ్‌లో ఒక పొరగా ఉంటే మాత్రం విరిగినా ముక్కలు ఎగిరిపోకుండా పట్టి ఉంచుతుంది.

వ్యాసమే రాజు

ఒకే బరువున్న కార్బన్‌ను రెండు రూపాల్లో పెట్టి చూద్దాం. 6 మి.మీ. ఘన రాడ్డు, 10×8 ట్యూబు. రెంటి అడ్డుకోత వైశాల్యం సరిగ్గా ఒకటే, 28.3 చ.మి.మీ. మీటరుకు రెండూ 44 గ్రాములే తూగుతాయి. వంపును ఆపే శక్తిని లెక్కగట్టే సూత్రంలో వ్యాసం నాలుగో ఘాతంలో ఉంటుంది: బయటి వ్యాసం నాలుగో ఘాతం నుంచి లోపలి వ్యాసం నాలుగో ఘాతం తీసేసి, π (పై) విలువతో గుణించి 64తో భాగించాలి. రాడ్డుకు 64, ట్యూబుకు 290 వస్తుంది. ఒక్క గ్రాము పెంచకుండా నాలుగున్నర రెట్ల బిగువు. అదే లెక్కలో 6×4 ట్యూబుకు 51, 8×6కు 137, 12×10కు 527.

మరి గోడను పల్చన చేస్తూ వ్యాసం పెంచుకుంటూ పోతే? ఒక హద్దు దాటాక ట్యూబు వంగేముందు గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారంలోకి నలుగుతుంది, ఆ నలిగిన చోటే టప్పున విరుగుతుంది. వ్యాసం గోడ మందానికి 20 రెట్లు దాటితే అడ్డపొర లేని ట్యూబు వాడకపోవడం మేలు. పట్టు పడే చోట, అంటే రెక్క కూర్చునే చోట, క్లాంపు చుట్టే చోట, లోపల బాల్సా (తేలికైన మెత్తటి కర్ర) ముక్కను గుండ్రంగా చెక్కి జిగురుతో దింపితే ఈ నలుగుడు చాలావరకు తప్పుతుంది.

ఇప్పుడు ఒక అసలు ఫోమ్ రెక్క. 1.4 మీటర్ల రెక్కల వెడల్పు, 1.2 కిలోల విమానం. గట్టిగా మలుపు తిప్పినప్పుడు 5 రెట్ల బరువు పడుతుందనుకుందాం. ఒక్కో రెక్క మీద 3 కిలోలు. ఆ లిఫ్టు సగటున రూట్ (రెక్క మొదలు) నుంచి 30 సెం.మీ. దూరంలో పనిచేస్తుంది. అంటే రూట్ దగ్గర వంపు మొత్తం 90 కిలో-సెంటీమీటర్లు. ఫోమ్ సాయం లెక్కలోకి తీసుకోకుండా ట్యూబు ఒక్కటే మోస్తే, పై అంచున ఒత్తిడి 6×4లో దాదాపు 520 మెగాపాస్కల్, 8×6లో 260, 10×8లో 150 వస్తుంది. కార్బన్ లాగుడుకు ఎంత గట్టిదైనా నొక్కుడు వైపు ముందు ఓడిపోతుంది. హాబీ ట్యూబుల నాణ్యత చూస్తే నొక్కుడు వైపు 400 దాటితే నమ్మకం పెట్టుకోకూడదన్నది మా అభిప్రాయం. 6×4 పోయినట్టే, 8×6 చాలు.

చాలు అన్నది బలం మాటే. బిగువు సంగతి వేరు. అదే 5 రెట్ల లోడుకు, 0/90 పొరల 8×6 ట్యూబు ఒక్కటే మోస్తే రెక్క కొస 11 సెం.మీ. దాకా పైకి లేస్తుంది. పొడవు పోగుల 8×6 అయితే 7 సెం.మీ. చాలు. ఫోమ్ రెక్కలో మెలిని ఫోమ్ చర్మమే ఆపుతుంది, ట్యూబును చుట్టూ పట్టి ఉంచేదీ అదే. కాబట్టి ఆ చోట చవక పుల్‌ట్రూడెడే ఖరీదైన రోల్ ర్యాప్డ్ కన్నా బాగా పనిచేస్తుంది. ఇది చాలామందికి మింగుడుపడదు కానీ లెక్క అదే చెబుతోంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. రెక్క మందం 22 మి.మీ. ఉంటే ట్యూబు బదులు 6×1 మి.మీ. కార్బన్ పట్టీలు రెండు, ఒకటి పైన ఒకటి కింద, నడుమ 20 మి.మీ. ఎడంతో పెట్టి చూడండి. వంపు లెక్క 1300 పైనే వస్తుంది, 10×8 ట్యూబుకు నాలుగున్నర రెట్లు. బరువు మీటరుకు 19 గ్రాములే. షరతు ఒక్కటే: రెండు పట్టీల నడుమ నిలువు పోగుల బాల్సా వెబ్ (నడిమి పలక) ఖాళీ లేకుండా అతికి ఉండాలి. అది లేకపోతే ఆ రెండు పట్టీలూ దేని దారిన అవి వంగుతాయి, లాభం సున్నా.

తోక బూమ్‌కు మాత్రం ±45 పొర ఉన్న ట్యూబే వెతకండి. చుక్కాని తిప్పిన ప్రతిసారీ ఫిన్ (తోక మీది నిలువు రెక్క) బూమ్‌ను మెలిపెడుతుంది. కయ్యలో గిరగిరా తిరిగినప్పుడు తోక బరువు అంతకన్నా ఎక్కువ మెలిపెడుతుంది. పొడవు పోగులే ఉన్న ట్యూబు తప్ప ఏదీ దొరక్కపోతే ఒక మెట్టు పెద్ద వ్యాసం తీసుకుని, పైన పల్చటి గ్లాస్ గుడ్డను 45 డిగ్రీల ఏటవాలుగా కోసి ఎపాక్సీతో ఒక పొర చుట్టండి. కార్బన్ బాణపు కడ్డీలు, టెలిస్కోపిక్ గేలపు కర్రల ముక్కలు కూడా చిన్న గ్లైడర్ల బూమ్‌లుగా బాగానే నప్పుతాయి. గేలపు కర్ర కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి తోక వైపు బరువు తగ్గడం అదనపు మేలు.

పార్సిల్ విప్పగానే

మొదట వెర్నియర్. వ్యాసాన్ని మూడు చోట్ల, గోడ మందాన్ని కొస చుట్టూ నాలుగు చోట్ల కొలవాలి. ఒకవైపు 1.2, ఎదురు వైపు 0.8 వచ్చిందంటే ఆ ట్యూబు స్పార్‌గా పనికిరాదు. తర్వాత గాజు పలక మీద దొర్లించండి. వంకర ఉంటే కింద వెలుతురు సందు మారుతూ కనిపిస్తుంది.

ఆ పైన తూకం. 10×8 మీటరు ట్యూబు కార్బన్ అయితే 44 గ్రాముల చుట్టూ ఉండాలి. 55 దగ్గర తూగిందంటే అది నల్ల రంగు వేసిన గ్లాస్. నగల తూకం యంత్రం లాంటి చిన్న డిజిటల్ త్రాసు చాలు. మల్టీమీటర్ కూడా పనికొస్తుంది: రెండు కొసలనూ ఎమ్రీ పేపరుతో గీకి ప్రోబులు ఆనించండి. కార్బన్ కరెంటును పోనిస్తుంది, గ్లాస్ పోనివ్వదు. అయితే పైన ఒక్క పొర కార్బన్ ఉన్నా మీటరు పలుకుతుంది కాబట్టి తూకాన్నే నమ్మండి.

ఇక అన్నిటికన్నా నిజం చెప్పేది వంపు పరీక్ష. ట్యూబును 90 సెం.మీ. ఎడంగా ఉన్న రెండు ఆధారాల మీద పెట్టి, సరిగ్గా మధ్యన కిలో బరువు వేలాడదీయండి. వెనక స్కేలు నిలబెట్టి ఎంత దిగిందో చూడండి. 10×8 ట్యూబు 4 మి.మీ. దిగితే పొడవు పోగులే, మంచి కార్బన్. 6–7 మి.మీ. అయితే 0/90 పొరలు కలిసిన రోల్ ర్యాప్డ్. 13 మి.మీ. దాకా దిగిందంటే గ్లాస్.

మెలికీ ఇలాంటి పరీక్షే ఉంది. 8×6 మీటరు ట్యూబు ఒక కొసను కొయ్యలో గాడి చెక్కి బిగించండి. ఉట్టి వైస్‌లో బిగిస్తే నలుగుతుంది. రెండో కొసకు 10 సెం.మీ. కర్ర అడ్డంగా కట్టి, దాని చివర 500 గ్రాములు వేలాడదీయండి. ఆ కొస కిందికి వంగకుండా ట్యూబు కింద వదులుగా ఒక ఆధారం ఉంచాలి. పొడవు పోగుల ట్యూబు దాదాపు 20 డిగ్రీలు తిరుగుతుంది. సగం పొరలు ±45 అయితే 5–7 డిగ్రీలతో ఆగుతుంది. తేడా ఇంత స్పష్టంగా ఉంటుంది కాబట్టి కోణమానిని లేకపోయినా కంటికే తెలుస్తుంది.

కోత, అతుకు, జాయినర్

పైపు కట్టర్ వాడొద్దు, గోడను లోపలికి నొక్కి చీలుస్తుంది. గీత చుట్టూ మాస్కింగ్ టేపు రెండు చుట్లు వేసి, సన్నపళ్ల హ్యాక్‌సా బ్లేడుతో, అంగుళానికి 32 పళ్లున్నదైతే మంచిది, ట్యూబును తిప్పుతూ చుట్టూ గాడి పెట్టి కోయాలి. డైమండ్ డిస్క్ ఉంటే ఇంకా నున్నగా తెగుతుంది. తడి చేసి కోయండి. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పైగా అది కరెంటును పోనిస్తుంది, సర్క్యూట్ బోర్డు మీద పడితే షార్టు చేస్తుంది. కోత అయ్యాక కొసకు పల్చటి సూపర్ గ్లూ పట్టించి, అది ఆరకముందే కుట్టుదారం 8–10 మి.మీ. మేర దగ్గరగా చుట్టి, మళ్లీ గ్లూతో తడపండి. పుల్‌ట్రూడెడ్ కొస చీలకుండా ఆపడానికి ఇంతకన్నా చవకైన మార్గం లేదు.

అతికే చోట మెరుపు పూర్తిగా పోయేదాకా 220 నంబరు ఎమ్రీతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. ట్యూబు విడుదలయ్యేందుకు అచ్చుకు రాసిన మైనం పైన మిగిలి ఉంటే ఏ జిగురూ పట్టదు. రెండు ట్యూబుల నడుమ సందు 0.1–0.2 మి.మీ. ఉండాలి. బిగుతుగా దూరితే జిగురంతా బయటికి నెట్టుకుపోయి లోపల పొడి అతుకు మిగులుతుంది. థర్మాకోల్‌ను అసిటోన్, మామూలు సూపర్ గ్లూ రెండూ తినేస్తాయి; అక్కడ ఎపాక్సీయో పాలీయురేథేన్ జిగురో వాడాలి.

రెండు రెక్కలనూ కలిపే కడ్డీ జాయినర్, రెక్కలో అది దూరే గొట్టం సాకెట్. దీని గురించి ఒకటే లెక్క. ఇందాకటి 90 కిలో-సెంటీమీటర్ల వంపును జాయినర్ తన సాకెట్ రెండు కొసల మీద పైకీ కిందికీ నెట్టి మోస్తుంది. సాకెట్‌లోకి 10 సెం.మీ. దిగితే ఒక్కో కొస మీద కనీసం 9 కిలోలు; 5 సెం.మీ. దిగితే 18 కిలోలు. రిబ్బులు (రెక్క లోపలి అడ్డ పలకలు) పగిలి జాయినర్ ఊడిపోయే విమానాల్లో తప్పు జాయినర్ బలానిది కాదు, దిగిన లోతుది. సాకెట్ సరిగ్గా సరిపోవాలంటే జాయినర్ మీద పల్చటి ప్లాస్టిక్ టేపు ఒక పొర చుట్టి, మైనం రాసి, దాని మీదే గ్లాస్ గుడ్డ రెండు మూడు పొరలు ఎపాక్సీతో చుట్టి ఆరాక లాగేయండి. కొన్న స్లీవు కన్నా మీరే చుట్టిన స్లీవు కచ్చితంగా కూర్చుంటుంది.

మన ఎండ, మన ఉప్పుగాలి

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో నెల్లూరు, ఒంగోలులో ఎండ ఒక్కోసారి 44 డిగ్రీలు దాటుతుంది. నల్ల ట్యూబు ఎండను తాగి గాలి కన్నా చాలా ఎక్కువ వేడెక్కుతుంది; తలుపులు మూసిన కారులో సంగతి చెప్పక్కర్లేదు. మామూలు ఎపాక్సీ జిగురు 50–60 డిగ్రీల మధ్య మెత్తబడటం మొదలవుతుంది. ట్యూబు బాగానే ఉన్నా అతుకు జారిపోయేది అందుకే. ఐదు నిమిషాల్లో గట్టిపడే రకాన్ని జాయినర్ సాకెట్‌కు, బూమ్ అతుకుకు వాడొద్దు. 24 గంటలు ఆరే రకం వాడి, అది గట్టిపడ్డాక రెండు మూడు గంటలు మిద్దె మీద ఎండలో, వంకర రాకుండా ఆధారం మీద ఉంచితే దాని వేడి తట్టుకునే శక్తి పెరుగుతుంది. మన ఎండ పనికొచ్చేది ఇక్కడే.

తోక పలకను కదిపే కడ్డీ, అంటే పుష్‌రాడ్ విషయంలోనూ వేడిదే పెత్తనం. కార్బన్ వేడికి పొడవులో దాదాపు మారదు. 80 సెం.మీ. నైలాన్ పుష్‌రాడ్ మాత్రం 25 డిగ్రీల తేడాకు 1.6 మి.మీ. పెరుగుతుంది. పొద్దున సరిచేసిన ఎలివేటర్ (తోక అడ్డ పలక) ట్రిమ్ మధ్యాహ్నానికి తప్పుతుందంటే కారణం ఇదే. కార్బన్ బూమ్‌లో 3×2 కార్బన్ ట్యూబునే పుష్‌రాడ్‌గా పెట్టుకోండి.

మైపాడు, కొత్తపట్నం వైపు తీరం దగ్గర ఎగరేసేవాళ్లకు ఉప్పు ఒక సమస్య. కార్బన్, అల్యూమినియం ఒకదానికొకటి తగిలి ఉండి ఉప్పు తేమ చేరితే అల్యూమినియం తెల్లగా పొంగి తినుకుపోతుంది. మోటారు మౌంటు, క్లాంపు కింద ఒక పొర గ్లాస్ గుడ్డగానీ హీట్ ష్రింక్ గొట్టంగానీ అడ్డం పెట్టండి. స్క్రూలు స్టెయిన్‌లెస్ వాడండి. ట్యూబుల కొసలన్నీ మూసెయ్యాలి. రొయ్యల గుంటలో పడిన విమానాన్ని తీసి ఆరబెట్టినా బూమ్‌లో నీళ్లు మిగిలిపోతే తర్వాతి ఎగురుడులో తోక బరువెక్కి ముక్కు పైకి లేస్తుంది.

రిసీవర్ యాంటెన్నాను కార్బన్ ట్యూబు లోపల నడపకండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో చివరి 31 మి.మీ. తీగే సిగ్నల్ పట్టేది. ఆ భాగం కార్బన్‌కు దూరంగా, బయటికి ఉండాలి. విమానం సరుగుడు తోపులోనో కరెంటు తీగల మీదో చిక్కుకుంటే కార్బన్ కర్రతో, కార్బన్ గేలపు రాడ్డుతో లాగే ప్రయత్నం పొరపాటున కూడా చేయొద్దు. అది కరెంటును మోస్తుంది, ప్రాణం పోతుంది. లైన్‌మన్‌కు చెప్పి సరఫరా ఆపించాకే దగ్గరికి వెళ్లాలి.

గట్టిగా దిగిన ప్రతిసారీ బూమ్‌ను రెండు చేతులతో పట్టుకుని చెవి దగ్గర పెట్టి మెల్లగా మెలిపెట్టండి. కిర్రుమని వినిపిస్తే లోపల చీలిక ఉంది. నాణెంతో తడుతూ పోతే చీలిన చోట మోత మొద్దుగా మారుతుంది. బూమ్‌లో చీలిక 3–4 సెం.మీ. లోపు ఉంటే సూపర్ గ్లూ ఇంకించి, దారం బిగించి చుట్టి, పైన ఏటవాలు గ్లాస్ గుడ్డ ఒక పొర వేసి మళ్లీ వాడుకోవచ్చు. రెక్క స్పార్‌లోనో జాయినర్‌లోనో చీలిక కనిపిస్తే అతికే ఆలోచన మానుకుని కొత్త ట్యూబు వేయండి.